తలల లెక్క

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకు బడి పిల్లలను తీసుకెళ్లే యాత్రకు కాగితాల మీద పేరు 'వన్యప్రాణి సంరక్షణపై అవగాహన'. 1963లో తెరిచిన ఈ జూ మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉంటుంది. సోమవారం సెలవు. ఈ సంగతి కొన్ని బడులకు గేటు ముందు బస్సు దిగాకే తెలుస్తుంది.

యాత్రలో అసలు కార్యక్రమం పిల్లలను లెక్కపెట్టడం. ఎక్కేముందు, దిగాక, ఏనుగు దగ్గర, నీటిగుర్రం దగ్గర, బాత్రూముకు ముందు, తర్వాత. ఒక తల తగ్గితే టీచరుకు చెమటలు. ఒకటి పెరిగితే మరీ కష్టం: పక్క బడివాడెవడో వరసలో చేరాడన్నమాట.

ఈ విషయంలో పులులే నయం. వాటి దేశవ్యాప్త లెక్క నాలుగేళ్లకోసారే. ఏ పులి చారలు దానివే కనుక అడవిలో కెమెరాలు కట్టి, ఫొటోల్లో చారలు చూసి పోల్చుకుంటారు. పిల్లలకేమో అందరికీ ఒకటే యూనిఫాం. పులి కెమెరా ముందు నుంచి తన దారిన తాను పోతుంది. పిల్లవాడు లెక్కలో పడ్డాక కూడా వెనక్కి పరిగెత్తి స్నేహితుడి పక్కన మళ్లీ నిలబడతాడు. పక్క పులి రాకపోతే 'ప్రెజెంట్ మిస్' అని బదులు పలికే పులి ఇంతవరకు లేదు.

కాగితాలు మాత్రం పులుల తరఫునా పలికాయి. పూర్వం అడుగుజాడలు చూసి లెక్కవేసేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో రికార్డుల నిండా పులులున్నాయి. 2005 నాటికి అడవిలో ఒక్కటీ లేదని తేలింది. వేటగాళ్లు పట్టుకుపోతుంటే హాజరుపట్టీ నిండుతూనే ఉంది. కెమెరాల లెక్క దేశమంతా మొదలైంది ఆ తర్వాతే.

జూలో జంతువులకు తిండి పెట్టడం, వాటిని అల్లరి పెట్టడం చట్టం నిషేధించింది. ఆ మాట రాసిన బోర్డును పిల్లలతో బిగ్గరగా చదివించిన పెద్దవాళ్లే, పడుకున్న సింహాన్ని లేపడానికి ఈలలు వేస్తారు.

నిజానికి సంరక్షణ చూడాలంటే ఈ జూలోనే ఉంది. సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి 2010లో ఇక్కడ మూషిక జింకల పెంపకం మొదలుపెట్టారు. దేశంలోని గిట్టల జంతువుల్లో ఇదే అతి చిన్నది. కొమ్ములుండవు, బరువు సుమారు మూడు కిలోలు. ఇక్కడ పుట్టినవాటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదిలారు. మూషిక జింక గర్జించదు, తిరిగేది రాత్రిపూట. బస్సు నాలుగింటికే బయలుదేరాలి.

మర్నాడు తరగతిలో వ్యాసం రాయిస్తారు. మొదటి వాక్యం టీచరే బోర్డు మీద రాస్తారు: సింహం అడవికి రాజు. మిగతాది పిల్లలు పక్కవాడి పుస్తకంలో చూసి పూర్తిచేస్తారు.