అల్లుడుగారి అలక తీరింది

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లు 2025-26లో ఫీజులు 2.35 శాతానికి మించి పెంచడానికి వీల్లేదని అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ తేల్చేసింది. దీన్ని తల్లిదండ్రులు ఊరటగా జమకట్టుకోవాలట.

ఇలాంటి ఊరట మనకు కొత్తా? అల్లుడు అలకపాన్పు ఎక్కుతాడు, స్కూటరు కావాలంటాడు. పెద్దమనుషులు మధ్యన దూరి, ‘పోనీ సైకిలుతో సర్దుకో నాయనా’ అని బుజ్జగిస్తారు. అల్లుడు దిగుతాడు. పిల్ల తండ్రి కండువాతో మొహం తుడుచుకుని గండం గడిచిందనుకుంటాడు. అసలు సైకిలు మాత్రం ఎందుకివ్వాలని ఆ పందిట్లో ఒక్కడూ అడగడు.

అందుచేత, కొత్త ఉద్యోగం దొరికి సంసారాన్ని దుబాయ్ తరలించబోతున్న తెలుగు తండ్రులారా, ముందే చెబుతున్నాను. మీరు వెతుకుతున్నది స్కూలు కాదు, సంబంధం. స్కూలు పెళ్లికొడుకు, మీరు ఆడపిల్ల తండ్రి. మీకు పుట్టింది మగపిల్లాడైనా సరే, అక్కడ దిగాక మీరు ఆడపిల్ల తండ్రే.

సంబంధాలకు కరువు లేదు. ఆ ఒక్క ఊళ్లో 220కి పైగా ప్రైవేటు స్కూళ్లున్నాయి. ముందు గోత్రం, అంటే సిలబస్, చూసుకోవాలి. సీబీఎస్ఈ మన గోత్రమే, కట్నం కాస్త తక్కువ. బ్రిటిష్ వారిది పెద్దింటి గోత్రం. ఐబీ వారిదేమిటో మగపెళ్లివారికే సరిగ్గా తెలియదు గానీ చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. ఒక గోత్రంలో ఇచ్చాక నాలుగేళ్లకు ఉద్యోగం ఊడి హైదరాబాద్ తిరిగొస్తే, ఆ పిల్లాణ్ని మళ్లీ మన ఇంటర్‌లో కలుపుకోవడానికి పెద్ద ప్రాయశ్చిత్తమే చేయించాలి.

తర్వాత వరుడి గుణగణాలు. ఈ పని కేహెచ్‌డీఏ వారే చేసిపెట్టారు. అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యాక్సెప్టబుల్, వీక్, వెరీ వీక్ అని ఆరు మెట్లు. అవుట్‌స్టాండింగ్ అంటే అమెరికా అల్లుడు. యాక్సెప్టబుల్ అంటే ‘కుర్రాడు నెమ్మదస్తుడండీ’ అని చెప్పే రకం. ఒక్క చిక్కుంది. 2024-25లో పాత స్కూళ్లకు పూర్తి తనిఖీలు ఆపేశారు. కాబట్టి మీ చేతికొచ్చే ఫొటో ఎప్పుడో తీసినది. వరుడికి ఇప్పుడు బట్టతల వచ్చిందేమో అడగడం మర్యాద కాదు.

ఇక పెళ్లిచూపులు. ఇక్కడ చూసేది మీరే అనుకుంటారు, పాపం. మా మేనల్లుడు కిందటేడు గుంటూరు నుంచి సంసారంతో వెళ్లాడు. వాణ్నీ వాడి భార్యనీ ఒక స్కూలంతా తిప్పి చూపించారు. ఈతకొలను, రోబోటిక్స్ ల్యాబ్, నాటకాల హాలు, గడ్డి కాని గడ్డితో మెరిసే ఆటస్థలం. టీచర్లను చూస్తామంటే క్లాసులు జరుగుతున్నాయి సార్, డిస్టర్బ్ చేయకూడదన్నారు. ‘మావయ్యా, ఈతకొలను ఎంత లోతో చెప్పారు. మా పాపకి లెక్కలు చెప్పేదెవరో మాత్రం చెప్పలేదు’ అని ఫోన్లో నవ్వాడు.

ఆ తర్వాత నాలుగేళ్ల పిల్లను లోపలికి పిలిచారు. ఎర్ర బంతి ఏదమ్మా అని అడిగారు, ఇంగ్లీషులో. అది తల్లి చున్నీ వెనక దాక్కుని ‘అమ్మా, ఒంటికి’ అంది. అడ్మిషన్ల అమ్మాయి ట్యాబ్‌లో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందోనని మొగుడూ పెళ్లాలిద్దరికీ ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడే మెయిలొచ్చింది, ‘మీ అమ్మాయి మాకు నచ్చింది’ అని. ఎంత నచ్చిందో కింద దిర్హంలలో వేశారు.

తాంబూలాలు పుచ్చుకోవడానికి దరఖాస్తు రుసుము వేరు, సీటు కోసం ముందస్తు సొమ్ము వేరు. ఏడాది ఫీజులో పదోవంతు దాకా అడగొచ్చని రూలు. జాతకం కూడా కావాలి. పెద్ద తరగతుల పిల్లలకైతే టీసీ మీద ఇక్కడి విద్యాశాఖ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర పడాలి. ఇన్ని ముద్రలు పడ్డ కాగితం మన దేశంలో భూమికి కూడా ఉండదు. ముహూర్తానికి మూడు ముళ్లు పడతాయి. టర్ముకొక పోస్ట్‌డేటెడ్ చెక్కు చొప్పున మూడు. ఒక్క ముడి జారినా బ్యాంకు వారు పలకరిస్తారు.

కట్నంతో అయిపోతుందనుకుంటే మీరు మగపెళ్లివారిని ఎరగరన్నమాట. ఆడపడుచు లాంఛనాలున్నాయి. బస్సు, యూనిఫాం, పుస్తకాలు, ట్యాబ్, విహారయాత్ర, సాయంత్రం ఫుట్‌బాల్. యూనిఫాం కూడా వారు చెప్పిన కొట్లో, వారు చెప్పిన నీలంలోనే కొనాలి. జులై, ఆగస్టుల్లో ఎండలకు సెలవులిచ్చి పిల్లల్ని ఇంటికి పంపేస్తారు. మన కొత్త కోడళ్లు ఆషాఢానికి పుట్టింటికి వచ్చినట్టే. కోడలు అత్తగారింట లేకపోయినా కట్నం నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ నెలల్లోనే విమానం టిక్కెట్టు మండిపోతుంది.

మన దగ్గర పెళ్లికి ఒకసారి ఇస్తే అయిపోతుంది, అల్లుడు మరీ అన్యాయస్థుడైతే తప్ప. అక్కడ పెళ్లి ఏటా. అలకా ఏటా. కోవిడ్ రోజుల్లో మూడేళ్లు అలక కుదరదన్నారు. 2023-24లో 3 శాతానికి దిగాడు. 2024-25లో 2.6 అన్నారు గానీ తనిఖీలో మార్కులు పెరిగిన వరుడికి దానికి రెట్టింపు దాకా ఇవ్వొచ్చన్నారు. 2025-26లో 2.35. చూశారా, అల్లుడుగారు ఎంత మెత్తబడుతున్నారో!

ఈ మెత్తదనానికి వెల కట్టి చూద్దాం. పిల్లకొక 45 వేల దిర్హంలు చొప్పున ఇద్దరికి కడుతున్న ఇల్లనుకోండి. 2.35 శాతమంటే అదనంగా 2,115 దిర్హంలు. 2025 నాటి మారకంలో అటూ ఇటూగా 49 వేల రూపాయలు. ఏడాది ఫీజు కాదండీ, అలక తీర్చిన ఖరీదు.

2025 ఆగస్టులో దుబాయ్ స్పోర్ట్స్ సిటీలో ఇంకో పెళ్లికొడుకు పీటలెక్కాడు. అప్పటి ఏడాది ఫీజు చిన్న తరగతికి 1,16,000 దిర్హంలు, పై తరగతికి 2,06,000. రెండోది అప్పటి మారకంలో సుమారు 48 లక్షల రూపాయలు. ఈ కట్నానికి పిల్లకే కాదు, పిల్ల తండ్రికి కూడా జీవితాంతం భోజనం పెట్టాలి.

ఇక్కడితో నా వేళాకోళం చాలు.

నెలకు 4,000 దిర్హంల జీతం ఉంటే భార్యాబిడ్డల్ని యూఏఈ తెచ్చుకోవచ్చు. వీసా రూలు ఒప్పుకుంటుంది. ఏడాదికి ఆ మనిషి సంపాదన 48,000. ఇందాకటి కొత్త స్కూల్లో చిన్న తరగతి ఫీజులో అది సగం కూడా కాదు. పోనీ అది షేకుల స్కూలు, వదిలేద్దాం. చవగ్గా చదువు చెప్పే భారతీయ స్కూళ్లూ ఉన్నాయి. సీటుండదు, వెయిటింగ్ లిస్టుంటుంది. ప్రభుత్వ బడి ప్రధానంగా ఆ దేశ పౌరుల పిల్లలకి. దుబాయ్ జనాభాలో పదిమందిలో తొమ్మిదిమంది బయటి నుంచి వచ్చినవాళ్లే. అంటే ఊరు కట్టినవాడి పిల్లాడికి తెరిచి ఉన్న గుమ్మం ఒక్కటే, దాని ముందు క్యాషియరు కూర్చుని ఉంటాడు. ఇన్‌కంట్యాక్స్ లేని దేశమని సంబరపడి విమానమెక్కినవాడికి ట్యాక్సు ఎక్కడ కడుతున్నాడో మొదటి టర్ములోనే తెలిసొస్తుంది. ఒకప్పుడు పిల్లల చదువు ఖర్చు కంపెనీలు పెట్టుకునేవి. ఇప్పుడు ఆఫర్ లెటర్లో ఆ లైను చాలామందికి కనపడదు.

అప్పుడేం చేస్తున్నారు మనవాళ్లు? భార్యనీ పిల్లల్నీ విజయవాడకో కరీంనగర్‌కో పంపేసి, ఫ్లాటు ఖాళీ చేసి, దుబాయ్‌లోని కరామాలో బెడ్‌స్పేస్, అంటే పదిమంది గదిలో ఒక మంచం, తీసుకుంటున్నారు. బాకీ పడితే అదీ సులువు కాదు. లెక్క తేలేదాకా టీసీ చేతికి రాదు. పిల్లల చదువు కోసం వెళ్లినవాడు పిల్లల చదువు కోసమే పిల్లలకు దూరమైపోతున్నాడు. వాడితో పెంపు 2.35 శాతమేనయ్యా, సంతోషించు అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

చదువు చెప్పేవాళ్లకు జీతాలివ్వాలి, గదులకు అద్దెలు కట్టాలి, ఒప్పుకుంటాను. పెంపును ఆ ఖర్చుల సూచికతోనే లెక్కగడుతున్నామని కేహెచ్‌డీఏ అంటోంది. అలాగైతే ఆ లెక్కే బయట పెట్టమనండి. ప్రతి స్కూలూ ఏ తరగతికి ఎంత ఫీజు తీసుకుంటుందో చెప్పే పత్రం ఇప్పుడూ ఉంది. దాంట్లో మనం ఇచ్చేదెంతో అణాపైసలతో ఉంటుంది. పుచ్చుకున్నది ఎటు పోయిందో ఉండదు. ఈ స్కూళ్లలో చాలావాటికి యజమానులున్నారు, యజమానులకు లాభాలున్నాయి. తండ్రి కట్టిన ప్రతి వందలో నల్లబల్ల ముందు నిలబడే టీచరమ్మకు ఎంత ముట్టింది, యజమాని ఎంత తీసుకెళ్లాడు, ఆ రెండు అంకెలూ స్కూలు గేటుకు అంటించాలి. అది చేయించలేని నియంత్రణ సంస్థ శాతాలు ప్రకటించినా ఒకటే, ప్రకటించకపోయినా ఒకటే.