సంబంధిత అధికారి ఎక్కడ?

బోథ్ తహసీల్ ఆఫీసులో ఒక ఏఐ ఏజెంటును కుర్చీలో కూర్చోబెట్టారనుకుందాం. దానికి కుర్చీ అక్కర్లేదు నిజమే, కానీ కుర్చీ లేని ఉద్యోగిని మన జనం లెక్కచేయరు. అది చాయ్‌కి పోదు, సోమవారం ప్రజావాణి ఉందంటూ ఆదిలాబాద్‌కు దౌడు తీయదు. దాని బలహీనత ఒక్కటే. చేతికిచ్చిన పనిముట్టు మీద ఏం రాసి ఉంటే అదే నమ్ముతుంది.

ఏజెంటు తనంతట తాను పహాణీ తెరవలేదు, దరఖాస్తు పంపలేదు. ఆ పనులకు ప్రోగ్రామర్లు టూల్స్ రాసిపెడతారు. ఒక్కో టూల్‌కు ఒక పేరు, అది ఏం చేస్తుందో ఒక వివరణ, దానికి ఏమేం అందించాలో ఒక పట్టిక ఉంటాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాక, ఒకరు రాసిన టూల్‌ను మరొకరి ఏజెంటుకు తగిలించడం తేలికైంది. టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంటుకు కనపడదు. ఆ వివరణ చదివే, ఏది వాడాలో తేల్చుకుంటుంది. అందుకే ఆ కంపెనీ ప్రోగ్రామర్లను బతిమాలుతోంది: ఒక్కో టూల్‌కు కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయండి, ఎప్పుడు వాడాలో ఎప్పుడు వాడకూడదో రెండూ రాయండి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి చెప్పినట్టు చెప్పండి అని.

అంటే అక్కడ కొత్తగా చేరినవాడికి ఎవరో ఒకరు చెబుతారన్నమాట!

మన సర్కారు వివరణలన్నిటికీ ముగింపు ఒకటే: ‘ఇతర వివరములకు సంబంధిత అధికారిని సంప్రదించగలరు’. మనిషైతే ఇది చదివి నవ్వుకుని, బయట చెట్టు కింద ఉన్నాయన దగ్గరికి పోతాడు. ఏజెంటు పోదు. సంబంధిత అధికారి కోసం సిబ్బంది జాబితా అంతా వెతుకుతుంది. ఆ హోదా ఎక్కడా దొరకదు. మళ్లీ వెతుకుతుంది. సాయంత్రానికి కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు.

నిజానికి ఏజెంటు చేయాల్సిన పనిని మన రైతులు ఎప్పుడో చేసేశారు. 2020 అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. మాడ్యూళ్లు పెరిగి పెరిగి 33 అయ్యాయి. నీ బాధ ఏ మాడ్యూల్‌లోకి వస్తుందో నువ్వే పోల్చుకోవాల్సి వచ్చేది. బోథ్ పక్క పల్లెలో ఇంట్లో గోండీ మాట్లాడి, సంతలో మరాఠీలో బేరమాడి, ఆఫీసులో తెలుగులో మొక్కే మనిషికి, మాడ్యూల్ పేరు మాత్రం ఇంగ్లిషులో ఎదురయ్యేది. తప్పు మాడ్యూల్‌లో పెట్టిన దరఖాస్తు తిరస్కరణ పాలయ్యేది. మళ్లీ మీసేవ, మళ్లీ ఫీజు. ఒకదాన్నొకటి పోలిన టూల్స్ ఎక్కువైతే ఏజెంటు తికమకపడుతుందని ఇంజినీర్లు ఇప్పుడు వ్యాసాలు రాస్తున్నారు. మన మీసేవ ముందు వరుసలో నిలబడ్డ ఎవరినడిగినా ఉచితంగా చెప్పేవారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ఆ 33ను ఆరుకు దించింది. ఆ మేరకు మెచ్చుకోవాలి. ఇక ఆరింటి మీదా ఏం రాశారన్నదే చూడాలి.

టూల్ పని చేయకపోతే ఎందుకు చేయలేదో, ఏం సరిచేసి మళ్లీ రావాలో చెప్పాలన్నది ఆ ఇంజినీర్ల ఇంకో నియమం. మనది ఒక్క మాటే: ‘రిజెక్టెడ్’. క్లుప్తతలో మనల్ని మించినవాళ్లు లేరు.

అన్నీ మసకే అనడం అన్యాయం. పత్తి కొనుగోలుకు 2025లో భారత పత్తి సంస్థ (సీసీఐ) తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌నే చూడండి. ముందు స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, 12 దాటితే కొనరు. ఇంత నిక్కచ్చి వివరణ ఏ ఏజెంటుకైనా పండగే. కాకపోతే స్లాటుకు తేదీ ఉంది, ఆదిలాబాద్ చలికాలపు మంచుకు తేదీ లేదు. ఎండబెట్టిన పత్తి తెల్లారేసరికి మళ్లీ తడి పీల్చుకుంటుంది. మీటరు పదమూడు చూపిస్తే బండిని ఎటు తిప్పాలో మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ రాయని చోట ప్రైవేటు వ్యాపారి కాంటా పెట్టుకుని ఉంటాడు.

రాయని ప్రతి వాక్యం వెనకా ఇలా ఒకరి పొయ్యి వెలుగుతోంది. ఆఫీసు బయట చెట్టు కింది పైరవీకారుదీ అదే బతుకు. కనుక ఏజెంటు వస్తే ముందు రోడ్డున పడేది ఆయనేనని అందరూ జాలిపడుతున్నారు. నేను పడటం లేదు. ఏ కిటికీ దేనికో జిల్లా మొత్తంలో తెలిసినవాడు ఆయనొక్కడే. టూల్స్ వివరణలు రాసే కాంట్రాక్టు నేరుగా ఆయనకే ఇవ్వాలని నా ప్రతిపాదన. నమూనాకు ఒకటి చెప్పమంటే ఇలా అందుకుంటాడు:

“పాసుబుక్కుల పేరు తప్పు వడ్డదా, గిది వాడు. తండ్రి సచ్చిపోయి భూమి కొడుకుల పేరు మీదికి రావాలంటే గిది కాదు, విరాసత్‌కు వేరే ఉంది. అన్నదమ్ములకు పంచాయితీ ఉంటే రెండూ కావు, కోర్టుకు పో. ఆధార్‌ల పేరు, పాసుబుక్కుల పేరు కలుస్తలేవా, ముందుగాల ఆధార్ సక్కజేసుకొని రా.”

ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడొద్దో, ముందు ఏం సిద్ధం చేసుకోవాలో అన్నీ వచ్చేశాయి. కాలిఫోర్నియాలో దీనికి డాలర్లలో జీతమిస్తారు. ఇంకో వాక్యం మిగిలింది కదా, అన్నీ సరిగ్గా ఉన్నా ఫైలు కదలకపోతే ఏం చేయాలో కూడా చెప్పమంటే మాత్రం, ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు.

“గదొక్కటి రాయొద్దు సారూ. గది నేనే సూసుకుంట.”