చూపున్నవాడికి అంబులెన్సు, లేనివాడికి చక్రాల కుర్చీ

సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్‌లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఏం చేశారో ఒక ముక్క రాసిపెట్టాలి. అదే కమిట్ మెసేజ్. దాని ముందు బొమ్మలు తగిలించడానికి గిట్‌మోజీ అనే పట్టిక ఒకటుంది. బగ్ దిద్దితే పురుగు బొమ్మ. కొంప మునిగే హాట్‌ఫిక్స్ అయితే అంబులెన్సు. వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా చేసే యాక్సెసిబిలిటీ పనికి చక్రాల కుర్చీ. స్క్రీన్ రీడర్‌లో 'చెల్లించండి' బటన్ వినబడేలా చేసినా అదే కుర్చీ. చూపులేని మనిషి అందులో కూర్చుని ఏం చేసుకోవాలో పట్టిక చెప్పదు.

బొమ్మలు నచ్చని పెద్దమనుషులు యాక్సెసిబిలిటీకి 'ఏ11వై:' అని పొట్టిపేరు తగిలిస్తారు. బటన్ మౌస్‌కు పలక్కపోతే అర్ధరాత్రి అందరినీ లేపి దిద్దుతారు, అది తప్పు. ట్యాబ్‌తో వెళ్లి ఎంటర్ కొడితే పలక్కపోతే మూడు స్ప్రింట్లు ఆగి తీరిగ్గా దిద్దుతారు, అది 'మెరుగుదల'.

అసలు ముచ్చట ఇంకొకటుంది. ట్యాబ్ కొడుతూ వెళ్తే ఫోకస్ వచ్చిన బటన్ చుట్టూ కనబడే గీత డిజైనర్‌ గారి కంట్లో నలుసు. 'అవుట్‌లైన్: నన్' అని ఒక్క లైనుతో లేపేస్తారు. కమిట్ పేరు 'స్టైల్: బటన్లకు నగిషీ'. ఆ రోజు నుంచి కీబోర్డే ఆధారమైనవాడికి పేజీలో తానెక్కడున్నాడో తెలియదు. ఫోకస్ కనబడాలన్న నియమం 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0లోనే ఉంది. ఎవరో ఫిర్యాదు చేశాక ఆ లైను చెరిపేసి, 'ఏ11వై: కీబోర్డు అనుభవం మెరుగు' అని రాసి చప్పట్లు కొట్టించుకుంటారు. గీత లేపేసిన రోజున 'ఏ11వై: కీబోర్డువాళ్ల దారి మూశాం' అని రాసిన మహానుభావుడు మాత్రం నాకింకా తారసపడలేదు.

'లేబుల్ ఉంటే తర్వాత వెతుక్కోవడం తేలిక కదా' అంటారు. నిజమే, చివర్లో తగిలించుకోండి, ఎవరొద్దన్నారు? తప్పు దిద్దినప్పుడు కమిట్ ముందు రాసే 'ఫిక్స్'ను లేపి ఆ పీట మీద 'ఏ11వై'ని కూర్చోబెడితేనే చిక్కు. సెమాంటిక్ రిలీజ్ అనే పనిముట్టు మామూలు అమరికలో 'ఫిక్స్', 'ఫీట్' (కొత్త సదుపాయం), 'పర్ఫ్' (వేగం పెంపు) లాంటివి చూస్తేనే కొత్త వెర్షన్ వదులుతుంది. 'ఏ11వై'ని పట్టించుకోదు. దిద్దిన బటన్, ఇంకెవరిదో అసలు సిసలు బగ్ బయటపడేదాకా గడప దాటదు. 'ఇదేం అర్జెంటు కాదులే' అనడం యంత్రానికీ నేర్పేశామన్నమాట.

డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరి హక్కు మీద వేసిన కాలు తీసేసి, దానికి మెరుగుదల అని పేరు పెట్టుకుంటామా? 'ఫిక్స్: చెల్లింపు బటన్ కీబోర్డుకు పలకడం లేదు' అని రాయండి, చాలు. తప్పును తప్పని రాస్తే పోయేదేమీ లేదు, అప్రైజల్‌లో చెప్పుకోవడానికి దాచుకున్న ఒక సేవా కార్యక్రమం తప్ప.