ఎంతమందిలో సార్?

సూళ్లూరుపేటలో పిలకాయలకు ఒకటి నుంచి పదికి లెక్క రావడం కంటే ముందు పది నుంచి సున్నాకు వస్తుంది. పులికాట్ అవతల శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే మిద్దెలెక్కి అందరం కలిసి అరిచే ఊరు మాది. మా పాప మూడేళ్ళకే "టెన్, నైన్, ఎయిట్" అంటూ కిందికి దిగేసరికి మా ఆవిడ మురిసిపోయింది. ఒకటో తరగతికని చూడబోయిన ప్రైవేటు బడిలో మాత్రం ఆ విద్యను ఎవరూ మెచ్చలేదు. "ముందుకు కూడా చెప్తుందా?" అని అడిగారు.

నాది బజారులో జిరాక్స్ షాపు. ఊళ్ళో ఏ బిడ్డ ఎప్పుడు పుట్టిందో మున్సిపాలిటీ వాళ్ళ తర్వాత నాకే తెలుసు. బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్‌లు, టీసీలు అన్నీ నా మిషను మీదుగానే బళ్ళకు పోతాయి. పక్క షాపులో ఫ్లెక్సీలు కొడతారు. కాబట్టి బడిలోకి పోయే కాగితం నా దగ్గరా, బడి నుంచి బయటికొచ్చే గొప్పలు వాడి దగ్గరా తయారవుతాయి. ఇద్దరం మధ్యాహ్నం టీ తాగుతూ కాగితాలకూ గొప్పలకూ పొంతన కుదురుతుందా అని చూసుకుంటూ ఉంటాం. ఎప్పుడూ కుదరదు.

సంక్రాంతి దాటి, ఫ్లెమింగోలు ఇంకా పులికాట్ విడిచి పోకముందే మా ఊళ్ళో అడ్మిషన్ల కాలం మొదలవుతుంది. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఆ మధ్య ఎండల్లో ప్రైవేటు టీచరమ్మలు గొడుగులు వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు. వాళ్ళకు తలా ఇన్ని సీట్లని టార్గెట్ ఉంటుంది. పాపం, మంచినీళ్ళిచ్చి కూర్చోబెడితే సీటు సంగతి మరిచిపోయి డీఎస్సీ సంగతి మాట్లాడతారు. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పడ్డప్పుడు మా వీధికి వచ్చిన అమ్మాయి ఒక చేతిలో కరపత్రాలు, ఇంకో చేతిలో సైకాలజీ మెటీరియలు పట్టుకుని ఉంది. మెటీరియలు జిరాక్స్ నా దగ్గరే తీయించుకుంది. సర్కారు బడిలో టీచరు కావడానికి ఆమె రాత్రంతా చదువుతుంది, సర్కారు బడి వద్దని పగలంతా మనకు చెప్తుంది.

కరపత్రాల్లో ప్రతి బడీ ఇంటర్నేషనలే. మా ఊరి నుంచి దగ్గర్లో దాటగలిగిన సరిహద్దంటే తడ అవతల తమిళనాడుది ఒక్కటే. దాన్నైనా ఏ బడి బస్సూ దాటదు. ఇంకో మాట "సీబీఎస్‌ఈ ప్యాటర్న్". సీబీఎస్‌ఈ అనుబంధం నిజంగా ఉంటే దానికొక నంబరుంటుంది, బోర్డు వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. ప్యాటర్న్‌కు నంబరుండదు. నంబరేదని అడిగితే, "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నాడొకాయన. నా షాపు తెరిచినప్పటి నుంచీ అది ప్రాసెస్‌లోనే ఉంది.

మా ఊరి చెంగాళమ్మ గుడికి తలుపులు లేవు. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఇస్రో ఛైర్మన్లు ప్రయోగానికి ముందు వచ్చి మొక్కి పోయేది ఆ తల్లికే. అంతటి అమ్మవారే ఎప్పుడైనా రమ్మంటుంటే, బళ్ళు మాత్రం "అడ్మిషన్లు రేపటితో సరి" అని మార్చిలో బోర్డు కట్టి ఆగస్టు దాకా విప్పవు. ఆ బోర్డు చూసే మా అత్తమ్మకు నిద్ర పట్టడం మానేసింది.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ ఉద్యోగుల పుణ్యమా అని కేంద్రీయ విద్యాలయం మాట కూడా మా ఊళ్ళో ప్రతి ఇంట్లో నలుగుతుంది. చేర్చాలంటే మార్చి 31కి ఆరేళ్ళు నిండాలి. అది సరే. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు ముందు, అట్లా వరస పెట్టుకుంటూ వచ్చి మాలాంటి వాళ్ళు చివర. ఉద్యోగుల్లో మళ్ళీ గత ఏడేళ్ళలో ఎన్నిసార్లు బదిలీ అయ్యారో చూస్తారు. నా జీవితంలో బదిలీ ఒక్కటే, బజారులో ఈ పక్క కొట్టు నుంచి ఆ పక్క కొట్టుకు. ఎంపీ గారి ఉత్తరం తెస్తానని మా బావ కొన్నాళ్ళు తిరిగాడు. ఎంపీ కోటా 2022లోనే తీసేశారని నేను చెప్తే, "రూలు తీసేస్తారు గానీ ఎంపీని తీసేస్తారా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కేవీ కథ అక్కడితో ఆగింది.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు ఉచితం. చట్టం వచ్చింది 2009లో. మన రాష్ట్రంలో ఆ సీట్లు పిల్లల దాకా చేరడం మొదలైంది చాలా ఏళ్ళ తర్వాతే. అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6. సచివాలయంలో అప్లికేషను, ఆ మీదట లాటరీ. మేము ఆదాయం దగ్గరే ఆగిపోయాం. ఆదాయం ఎక్కువై ఒకచోట ఆగిపోవడం మా వంశంలో ఇదే మొదలని మా అమ్మ సంతోషపడింది.

కానీ ఆ చట్టం పుస్తకం జిరాక్స్‌కొచ్చినప్పుడు నేను కొంచెం చదివాను. పదమూడో సెక్షను నాకు భలే నచ్చింది. బడిలో చేర్చుకునేందుకు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 దాకా జరిమానా, ఆ పైన ప్రతిసారీ 50,000. డొనేషను తీసుకుంటే దానికి పదింతల దాకా. ఇది కడుపులో పెట్టుకుని, బాగా పేరున్న ఒక బడికి ముగ్గురం పోయాం. పేరు చెప్పను, నా కస్టమర్లు.

ఏసీ గదిలో ప్రిన్సిపాల్ గారు పాపను ఇంగ్లీషులో పేరడిగారు. చెప్పింది. రంగులడిగారు. చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "మీ క్వాలిఫికేషన్?" అన్నారు.

"బీకాం సార్."

"మేడం గారు?"

"ఎంఎస్సీ," అంది మా ఆవిడ. ఆ క్షణం నుంచి ఆయన నా వైపు చూడలేదు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

"తెలుగు సార్. కోపమొస్తే మా అత్తమ్మ అరవం."

ఆయన ఏదో రాసుకున్నారు. నేను కొంచెం ముందుకు జరిగి, మర్యాదగానే అడిగాను: "సార్, ఇది పరీక్షా?"

"ఛ ఛ. ఇంటరాక్షన్."

"ఇంటరాక్షన్‌లో తప్పితే?"

"తప్పడం ఉండదు సార్. సీట్లుండవు, అంతే."

సెక్షను పదమూడు నా నాలుక చివరి దాకా వచ్చింది. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. చట్టం అమలు కాకపోవడానికి ప్రభుత్వాలను అంటాం గానీ, ఎక్కువ చట్టాలు ఆగేది ఆ బల్లల కిందే.

మాట మార్చి, గోడ మీది ఫ్లెక్సీ చూపించాను. పదో తరగతిలో 600కు 590 దాటినవాళ్ళ ఫోటోలు వరసగా ఉన్నాయి. వాటన్నిటికంటే పెద్దది కరస్పాండెంటు గారి ఫోటో. కింద "నూటికి నూరు శాతం ఉత్తీర్ణత". ఆ వరసలో రెండో అబ్బాయిని అంతకుముందే ఇంకో బడి ఫ్లెక్సీలో చూశాను. అక్కడ చొక్కా నీలం, ఇక్కడ మెరూను. మా పక్క షాపువాడు కంప్యూటర్లో మార్చిందే.

"నూటికి నూరు ఎంతమందిలో సార్?"

"అందరిలో."

"అందరంటే?"

"రాసినవాళ్ళందరిలో."

"రాయనివాళ్ళు?"

"వాళ్ళు తొమ్మిదిలోనే టీసీ తీసుకున్నారు సార్. వాళ్ళ ఇష్టంతో."

ఆ ఇష్టాలు నాకు తెలుసు. ఏటా వేసవిలో నా మిషను కిందికే వస్తాయి. వెంట వచ్చే తండ్రి ముఖంలో ఇష్టం ఛాయలు నేనెప్పుడూ చూడలేదు. టీసీ ఒరిజినల్ తీసుకుని, కాపీలు లెక్కపెట్టుకుని, ఏ బడికి పోతున్నారో చెప్పకుండా పోతారు. ఆ పిలకాయలు తర్వాత ఇంకో బడి నుంచి పదో తరగతి రాస్తారు, చాలామంది పాసవుతారు కూడా. వాళ్ళ ఫోటోలు ఏ ఫ్లెక్సీకీ రావు. అయినా ఒకటో తరగతిలో చేరే పాపకు బడి వెతుకుతూ పదో తరగతి మార్కులు చూడడమేమిటని ఎవరైనా అడగొచ్చు. నేనూ అడిగాను. ఒకటో తరగతి రిజల్టు ఫ్లెక్సీ మీద పట్టదట.

నాకు ఈ లెక్కల పిచ్చి పట్టడానికి కారణం పక్కనున్న షారే. సతీష్ ధావన్ పేరు దానికి 2002 సెప్టెంబరు 5న పెట్టారు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి లేచి బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కానీ ఆ రోజు విలేఖరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది అప్పటి ఇస్రో ఛైర్మన్ ధావన్. మరుసటి ఏడు జులై 18న రాకెట్ సరిగ్గా పోయి రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరితే, ఆయన పక్కకు జరిగి కలాంను ముందుకు తోశాడు. ఈ పద్ధతిలో ఫ్లెక్సీ కొట్టాలంటే మా పక్క షాపువాడికి డిజైను తెలియదు. పాసైతే కరస్పాండెంటు ఫోటో పైన, తప్పితే క్లాసు టీచరు ఉద్యోగం కింద. వాడికి తెలిసింది ఇదొక్కటే.

2025 మే 18 ఆదివారం. ఆరింటికి ఇంకో నిమిషం ఉందనగా పీఎస్‌ఎల్‌వీ-సి61 లేచింది. మిద్దె మీద మా పాప సున్నా దాకా లెక్కపెట్టింది, నిప్పు పైకి పోయింది, అందరం చప్పట్లు కొట్టి కాఫీలకు కిందికి దిగాం. కాసేపటికి టీవీలో ఛైర్మన్ నారాయణన్ కనబడి, మూడో దశలో తేడా వచ్చింది, ప్రయోగం పూర్తి కాలేదు అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. దేశమంతా చూస్తుండగా. ఉపగ్రహం టీసీ తీసుకుని తనిష్టంతో పోయిందనలేదు. అదే పూట పేపరు మడతలోంచి ఓ కరపత్రం జారింది: "ఈ ఏడూ మాదే రికార్డు!" అంత పెద్ద రాకెట్లు తప్పుతున్న ఊళ్ళో ఒక్క ఎల్‌కేజీ కూడా తప్పదంటే నాకు నమ్మకం కుదరలేదు.

మరి చిన్న తరగతుల్లో బడి పనితనం ఎట్లా తెలుస్తుంది? ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' పేరిట పల్లెల్లో ఇళ్ళకు పోయి చూసే పద్ధతొకటి ఉంది. పిల్ల చేతికి ఒక కాగితమిస్తారు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడి దాకా చదువుతుందో అక్కడి దాకా వచ్చినట్టు. లెక్కల్లో తీసివేత, భాగహారం. డిజిటల్ బోర్డు అక్కర్లేదు, గుర్రపు స్వారీ అక్కర్లేదు. జిరాక్స్ షాపువాడికి ఇంతకంటే నచ్చే పరిశోధన ఉండదు.

పరిశోధన నేనూ మొదలుపెట్టాను. షాపుకొచ్చే మూడో తరగతి పిలకాయల చేతికి, వాళ్ళ నాన్న కాపీలు తీయించుకునేలోగా, ఏదో ఒక బొమ్మల కథ ఇచ్చి చదవమనేవాణ్ణి. ఖరీదైన బడి పిల్లవాడొకడు పుస్తకం మూసి, "వి ఫర్ వొల్కనో" నుంచి సోలార్ సిస్టం దాకా గడగడా అప్పజెప్పాడు. పుస్తకం తెరిచి చదవమంటే, "ఈ పాఠం మాకు ఇంకా చెప్పలేదు అంకుల్," అన్నాడు. చింపిరి జుట్టు పిల్ల ఒకతి మాత్రం కథ చివరిదాకా చదివి, "నక్క ఎందుకట్లా చేసింది?" అని నన్నే అడిగింది. ఏ బడి అని అడిగాను. మా ఇంటి వెనక వీధి సర్కారు బడి.

పోయి చూశాం. రంగులేసిన గోడలు, తరగతికొక టీచరు. వంటగదిలో గుడ్లు ఉడుకుతున్నాయి. ఏసీ లేదు, ఇంటరాక్షన్ లేదు. హెచ్‌ఎం మేడం ఆధార్ కాపీ అడిగి, "స్టేపుల్ చేయకండి, పిన్ను గుచ్చుకుంటుంది," అంది. మా ఆవిడ ఎంఎస్సీ అని ఎవరూ కనుక్కోకపోవడం ఆమెకు కొంచెం కొరతే.

నేను నా ప్రశ్న అడిగాను. "మూడో తరగతి పిలకాయలు ఎంతమంది చదవగలరు మేడం?"

ఆమె రిజిస్టరు కూడా చూడలేదు. "ఇరవై ఆరుగురు. పద్దెనిమిది మంది ఆగకుండా చదువుతారు. అయిదుగురు కూడబలుక్కుంటారు. ముగ్గురికి ఇంకా ఒత్తులు రాలేదు. అందులో ఇద్దరివి పులికాట్‌లో వేటకు పోయే ఇళ్ళు, నెలల తరబడి రారు. వాళ్ళకు సాయంత్రం నేనే చెప్తున్నా. రెండు మరుగుదొడ్లలో ఒకటి పాడైంది, రిపేరుకు రాశాం, ఇంకా రాలేదు. మీ పాప కోసం వచ్చారు గదా, ముందే చెప్తే మంచిది."

మా ఆవిడ నా వైపు చూసింది. ఈసారి కాలు తొక్కలేదు.

చేర్పించిన కబురు మా మామకు ఆ సాయంత్రానికే చేరింది. షాపు మూసే వేళకొచ్చి, ఎవరూ లేకుండా చూసి, షట్టరు సగం దించి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, ఇబ్బందిగా ఉంటే నోరు తెరిచి చెప్పాల గదా?"

"ఇబ్బందేం లేదు మామా. బడి నచ్చింది."

"అట్లే అంటారులే. నేను మాత్రం పడలేదా?" భుజం మీద చెయ్యేశాడు. "మన కాపువీధి ఆయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా. నీ పేరు బయటికి రాదు. ఆ ఇంటర్నేషనల్ వాళ్ళు అడ్మిషన్లు రేపటితో సరి అని బోర్డు పెట్టిండారు, ఇందాకే చూసి వస్తా ఉండా."