సంతకం పెట్టేది నాలోపలే

నేను వేలెడంత యూఎస్‌బీ టోకెన్‌ని. మాదాపూర్ ఆఫీసుల్లో కొందరు డాంగిల్ అంటారు, కొందరు డీఎస్సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) అంటారు. సైబర్ టవర్స్‌కి దగ్గర్లో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో నా కాపురం. మా మేడం సంతకానికి వాడే ప్రైవేట్ కీ నా చిప్‌లోనే పుట్టింది, అక్కడే ఉంటుంది. ఆవిడే అడిగినా బయటికివ్వను.

నెలాఖరుకు ఇన్‌వాయిస్‌లు గుట్టలుగా పడతాయి. ఒక్కోటీ తెరిచి క్లిక్ చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే మేడం నల్ల తెర తెరిచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్లతో రాసుకున్న స్క్రిప్టు నడుపుతారు. నేను పిన్ అడుగుతాను. ఆవిడ కొడుతున్నప్పుడు తెరమీద చుక్క కూడా పడదు. వరసగా తప్పు కొడుతూ పోతే లాకైపోతాను.

కాంట్రాక్టు ఎన్ని పేజీలున్నా నాదాకా రాదు. కంప్యూటర్ దాన్ని షా-256తో 32 బైట్ల హాష్‌గా కుదించి పంపుతుంది. దానిమీద నేను 2048 బిట్ల కీతో 256 బైట్ల సంతకం చేసిస్తాను. ఆ తర్వాత ఎవరైనా ఒక్క కామా మార్చినా హాష్ మారిపోతుంది, సంతకం చెల్లదు. సరిచూసేవాళ్లకు నాతో పనిలేదు, సర్టిఫికెట్‌లో ఉన్న పబ్లిక్ కీ చాలు.

సంతకం పడింది కాబట్టి ఫైలు భద్రంగా దాగిందనుకునేవాళ్లు చాలామంది. దాగదు, ఎవరైనా చదువుకోవచ్చు. దాచాలంటే అందుకునేవాళ్ల పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఈ రెండు పనులకూ వేర్వేరు సర్టిఫికెట్లుంటాయి. నాలో రెండూ ఉన్నాయి.

కాగితం మీది సంతకంతో నాకు సమాన హోదా ఇచ్చింది 2000 నాటి ఐటీ చట్టం. రిజర్వ్ బ్యాంక్ 1996లో మాసబ్‌ట్యాంక్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకులకు సర్టిఫికెట్లిచ్చే అథారిటీగా పనిచేసింది. ఆ పనిలో ఈ ఊరికి పెద్ద చరిత్రే ఉంది.

నా బాధంతా తోటి టోకెన్ల గురించి. ఎంతోమంది డైరెక్టర్ల డాంగిళ్లు ఎవరివో సొరుగుల్లో పడి ఉంటాయి, వీపున పిన్ రాసిన స్టిక్కర్‌తో. ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడం సొంతదారు బాధ్యతని ఆ చట్టంలోని 42వ సెక్షనే చెబుతోంది. పిన్ తెలిసినవాడు పెట్టే సంతకానికీ అసలు మనిషి సంతకానికీ నా చిప్‌కి తేడా తెలియదు. కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం సొంతదారే.

మొన్న ఫైలింగ్ పనిమీద వచ్చిన కుర్రాడు, "పిన్ జెప్పండి మేడం, నేనే కొట్టేస్తా" అన్నాడు. "నేను కొడతాలే తమ్ముడూ, నువ్వటు తిరుగు" అన్నారావిడ.

వచ్చే నెల నా సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది. కొత్తది ఎక్కించేముందు ఫార్మాట్ చేస్తామంటున్నారు. సంతకం కీ పోయినా పాత సంతకాలను సరిచూసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ కీ వేరే భద్రం చేయకుండా చెరిపేస్తే మాత్రం, దానికోసం తాళం పడిన పాత ఫైళ్లను ఇక ఎవ్వరూ తెరవలేరు. మేడం కొత్త టోకెన్ ఆర్డర్ చేశారు. నన్ను బీరువాలో పెడతారట.