ఆలోచించి రాయుము, జవాబు గైడులో కలదు

మన పిల్లలకు ఆలోచించడం రాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంగ్లీషు వాచకంలో ప్రతి పాఠం కిందా ఆలోచన విరగపండుతోంది. షికాగో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఆలోచనకు ఆరు మెట్లు కట్టింది. అట్టడుగున జ్ఞానం, అంటే గుర్తుపెట్టుకోవడం, అన్నిటికీ పైన మూల్యాంకనం. 2001లో వారసులు మరమ్మతు చేసి నెత్తిన సృజనను కూర్చోబెట్టారు. పాపం, పిల్లలు అన్ని మెట్లెక్కలేరని మన గైడు ప్రచురణకర్తలు లిఫ్టు పెట్టారు. ఆ లిఫ్టు అట్టడుగునే ఆగుతుంది, అంతే.

'నీవైతే ఏం చేసేవాడివి?' 'రచయితతో ఏకీభవిస్తావా? ఎందుకు?' ప్రశ్న వాచకంలో ఉంటుంది, నీ అభిప్రాయం గైడులో ఉంటుంది. 'అవును, ఏకీభవిస్తాను, ఎందుకనగా...' అంటూ తరగతి మొత్తం ఒకే కామా దగ్గర ఊపిరి పీల్చుకుంటుంది. ఏకీభవించకుండా ఉండే హక్కూ ఉంది గానీ, దాన్ని ఇంకా ఎవరూ అచ్చు వేయలేదు.

టీచర్లను అని లాభం లేదు. సిలబస్ తొందరగా ముగించాలి, ఆ పైన రివిజన్, స్లిప్ టెస్టు, ప్రీఫైనల్. పీరియడ్‌లో నలభై మందీ నిజంగానే ఆలోచించడం మొదలుపెడితే లాంగ్ బెల్ కొట్టేదెప్పుడు?

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ ఉంది కదా. తెలుగు రాష్ట్రాల పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో అది ఏళ్లపాటు అనువాదంగా ఉంది. (తెలుగు కథను తెలుగు పిల్ల ఇంగ్లీషులో చదివి, అర్థం కోసం తెలుగు గైడు కొనుక్కోవడం మన ప్రత్యేకత.) ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన ఒక ఇల్లాలు, ఆ పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఇలాంటి కథ చదివాక పిల్లలకు ప్రశ్నలు తన్నుకు రావాలి. వాళ్లకు రానివ్వకుండా మనమే అడిగేస్తాం: 'ఈ కథ ద్వారా మహిళా సాధికారతపై నీ అభిప్రాయాన్ని అయిదు వాక్యాల్లో రాయుము.' అయిదూ బోర్డు మీద రాస్తాం. చూసి రాసుకుంటే సాధికారత వచ్చేసినట్టే.

ఏ పిల్లో తిక్కపుట్టి, 'మా నాయనమ్మ పేరు నాకూ తెలీదు, రేషన్ కార్డు తీసి చూశాను, అక్కడా తప్పే ఉంది' అని రాసిందనుకోండి. విశ్లేషణ, అన్వయం, సృజన, అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. కీలో మాత్రం లేదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలు దిద్దే చెయ్యి రేషన్ స్పెల్లింగు చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, అర మార్కు దానం చేసి పక్క పేపరుకు వెళ్లిపోతుంది.

బడిలో ఇదే పని చేస్తే పేరెంట్స్ మీటింగుకు తల్లిని పిలిపిస్తారు. రిజిస్టరు తిరగేసి, 'టెన్త్ బి, రోల్ నంబర్ ఇరవై మూడు వాళ్ల అమ్మగారూ, మీ అమ్మాయి ఈమధ్య సొంతంగా రాస్తోంది, కాస్త చూసుకోండి' అంటారు.