గేమ్ మాస్టర్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "తలుపుకి తాళం వేసి ఉంది. మీరేం చేస్తారు?"

టీక: తలుపుకి = గేమ్ మాస్టర్ నిద్ర మానుకుని గీసిన నేలమాళిగలో కథ ముందుకు సాగడానికున్న ఏకైక మార్గానికి; తాళం వేసి ఉంది = దొంగ వేషం కట్టినవాడికి ఇన్నాళ్లకు పని దొరికింది; మీరు = బల్ల చుట్టూ చేరి చిప్స్ పొట్లం కోసం కొట్లాడుకుంటున్న నలుగురు మహావీరులు; ఏం చేస్తారు = నాకు తెలియదు, మీరే చెప్పండి.

తాత్పర్యం: గొంతు మార్చి రాక్షసుడిలా గర్జించడం, రంగుల మ్యాపులు గీయడం, రూల్ పుస్తకం కంఠతా రావడం గొప్ప గేమ్ మాస్టర్ లక్షణాలని లోకం నమ్మిక. అవన్నీ ఆభరణాలే. జవాబు ముందే ఖాయం చేసుకోకుండా ఆ ప్రశ్న అడగడం, వచ్చిన జవాబు ఎంత వెర్రిదైనా దానికి తగ్గ ఫలితం చెప్పడం అసలు లక్షణం. గేమ్ మాస్టర్ కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలో పాత్రై ఆడే ఈ ఆట పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 1969 ప్రాంతంలో అమెరికాలోని మినియాపొలిస్ వైపు డేవ్ వెస్లీ బ్రౌన్‌స్టైన్ అనే యుద్ధక్రీడ నడిపాడు. ఆటగాళ్లకు ఊళ్లోని మనుషుల పాత్రలిచ్చాడు. వాళ్లు ఆయన పథకాన్ని గాలికొదిలి తమలో తామే కుట్రలు మొదలుపెట్టారు. ఆట చెడిందని ఆయన అనుకున్నాడు. ఆడినవాళ్లు మళ్లీ కావాలన్నారు. ఆ గుంపులోని డేవ్ ఆర్నెసన్ అదే దారిలో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపి, 1974లో గ్యారీ గైగాక్స్‌తో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చాడు. అంటే ఈ శాస్త్రానికి ఆదిపురుషుడు పథకం పాడైన మనిషి.

ఇక తాళం సంగతి. ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకు మించి గానీ పడితే తెరుచుకుంటుందనుకుందాం. అవకాశం 30 శాతం. పడలేదు. అధముడు పడేదాకా మళ్లీ మళ్లీ వేయిస్తాడు. మధ్యముడు గడప కింద తాళంచెవి పుట్టిస్తాడు. రెండు చోట్లా జవాబు ముందే రాసిపెట్టి ఉంది, పాచిక తంతు మాత్రమే. ఉత్తముడు వేయించే ముందే చెబుతాడు: "తప్పితే తాళం ఊడుతుంది కానీ చప్పుడుకు కాపలావాడు లేస్తాడు." ఓటమిలోనూ ఆట ఉన్నప్పుడే పాచికకు అర్థం. ఓడితే కథ ఆగిపోయే చోట పాచికే వద్దన్న మాటను దర్యాప్తు కథలకు ఆటల రూపకర్త రాబిన్ లాస్ నియమంగానే పెట్టాడు: ఆయన గమ్‌షూ పద్ధతిలో సరైన చోట సరైన నైపుణ్యంతో వెతికితే కీలకమైన ఆధారం పాచికతో పని లేకుండా దొరుకుతుంది.

పూర్వపక్షం: జవాబు తెలియనప్పుడు ముందస్తు తయారీ ఎందుకు, వచ్చి కూర్చుంటే సరిపోదా? సరిపోదు. తయారు చేసుకోవలసింది కథను కాదు, తలుపు వెనకున్నవాణ్ణి. వాడికేం కావాలి, చప్పుడు వింటే పారిపోతాడా, విల్లందుకుంటాడా? ఇది తెలిసిన గేమ్ మాస్టర్, వీరులు గొడ్డలితో నరికినా, పొగగొట్టంలో దిగినా, మర్యాదగా తలుపు తట్టినా తడుముకోడు. ఇంకో ఆక్షేపణ బలమైనది: ముచ్చటపడి పెంచుకున్న పాత్ర ఒక్క చెడ్డ పాచికకు చస్తుంటే గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకున్న తెరచాటున అంకె మార్చకూడదా? 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ అనే రూల్ పుస్తకంలో గైగాక్సే పాచికను తోసిపుచ్చే హక్కు ఇచ్చాడు కదా? ఇచ్చాడు. అయినా ఆయనతో ఇక్కడ ఏకీభవించలేం. అంకె మారుస్తున్న సంగతి ఒక్కసారి పసిగట్టారంటే, తర్వాత "మీరేం చేస్తారు?" అన్నప్పుడు ఆటగాళ్లు తలుపు వైపు చూడరు, గేమ్ మాస్టర్ ముఖంలోకి చూస్తారు. చావు ఇష్టం లేకపోతే ఓటమికి చెర, అప్పు, పోయిన కత్తి, ఏదో ఒక వెల ముందే పలకండి. ఆ తర్వాత తెర తీసి, పాచిక అందరి కళ్లెదుట వేయండి.